నాగోలు రైలును ముందుగా లెక్కలో నడుపుట



మీలో పలువురు ప్రతి ఉదయమును నాగోలు స్టేషను మెట్లు దిగి బడికి వచ్చుచున్నారు. మీ తలిదండ్రులలో కొందఱు అదే స్టేషనులో రైలెక్కి అమీర్‌పేటకును రాయదుర్గమునకును పనులమీద పోవుచున్నారు. రైలు వచ్చి నిలుచును, తలుపులు తెఱచుకొనును, మూసికొనును, రైలు కదలిపోవును. దానికి కావలసిన విద్యుత్తు ఎక్కడినుండి వచ్చుచున్నది, ఎంత వచ్చుచున్నది, ఒకనాడు చాలకపోయిన నేమగును అను ప్రశ్నలు ప్రయాణికులలో ఎవరికిని తోచవు. తోచకపోవుటయే యా యేర్పాటు చక్కగా జరుగుచున్నదనుటకు గుఱుతు.

కాని యా ప్రశ్నలు తప్పక తోచవలసినవారు కొందఱు కలరు. స్తంభములు పాతకమునుపే, తీగ లాగకమునుపే వారు రైళ్లన్నిటిని లెక్కలో నడిపి చూడవలెను. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి, తనయొద్ద నున్నది పని ముగించుటకు చాలునో చాలదో లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన ఉపమానము మీరు ఆదివారపు బడిలో విన్నదే. పునాది వేసి ముగింపలేకపోయినవానిని చూచి జనులు నవ్వుదురు. రైలు విషయమున నవ్వుతో పోదు. ఎత్తైన వంతెనపై చిక్కుకొనిన మనుష్యులుందురు.

నిజమైన యేర్పాటునకు బదులుగా లెక్కలో నొక యేర్పాటును కట్టుకొనుటను నమూనా కట్టుట యందురు. ఆ నమూనాను క్షణక్షణమును నడిపించి ఫలితము చూచుటను ఇంజనీర్లు సిమ్యులేషన్ అనుచున్నారు. మనము అనుకరణము అందము. ఈ సంవత్సరము మన పదవ తరగతి ప్రయోగశాలలో జరిగిన యొక చిన్న సంగతివలన నమూనాను గూర్చి విద్యార్థులును మేమును గూడ ఒక గొప్ప పాఠము నేర్చుకొంటిమి. దానిని చెప్పుటకే ఈ వ్యాసము. ముందు రైలు విద్యుత్తును గూర్చి కొంత తెలిసికొందము.

తీగలోనికి విద్యుత్తు వచ్చు త్రోవ

నాగోలునుండి అమీర్‌పేట వఱకు గల 17 కిలోమీటర్ల మార్గము, మియాపూరు – అమీర్‌పేట మార్గముతో పాటు 2017 నవంబరు 28వ తేదీన ప్రారంభింపబడినది. మఱునాటినుండి ప్రజలు ప్రయాణము చేయసాగిరి. ఎల్.బి.నగర్‌నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా అమీర్‌పేట చేరు భాగము 2018 సెప్టెంబరు 24వ తేదీన తెఱవబడెను. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషను – ఎం.జి.బి.ఎస్. మార్గము కూడ తెఱవబడిన పిమ్మట మూడు మార్గములును కలిసి సుమారు 69 కిలోమీటర్లైనవి.

ఈ మార్గములకు కావలసిన విద్యుత్తు 1,32,000 వోల్టుల వద్ద ఉప్పల్, మియాపూరు, యూసఫ్‌గూడ, ఎం.జి.బి.ఎస్. అను నాలుగు చోట్లనున్న సబ్‌స్టేషనులకు చేరును. అచ్చటి ట్రాన్స్‌ఫార్మర్లు దానిని రెండు విధములుగా తగ్గించును. స్టేషనులలోని దీపములకును, ఎత్తుమెట్లకును, లిఫ్టులకును వలయునది 33,000 వోల్టుల కేబుళ్లలో పోయి, స్టేషనులో మరల తగ్గింపబడును. రైలును నడుపునది 25,000 వోల్టుల వద్ద పట్టాలపైని తీగలోనికి పోవును. రైలు నెత్తిన మడతచేయివలె నుండు పాంటోగ్రాఫు ఆ తీగను ఒరసికొనుచు విద్యుత్తును పుచ్చుకొనును. మోటార్లను త్రిప్పిన ప్రవాహము చక్రములద్వారా పట్టాలలోనికి దిగి, పట్టాలవెంటను తిరుగు తీగలవెంటను సబ్‌స్టేషనునకు మరలిపోవును. పోయిన త్రోవయు వచ్చిన త్రోవయు కలిసినగాని వలయము పూర్తికాదు.

అంత హెచ్చు వోల్టేజి ఏల? ఒక రైలు వేగము పుంజుకొనునప్పుడు 20 లక్షల వాట్ల శక్తి కావలెనని అనుకొందము. (ఈ పాఠములోని రైలు శక్తియు తీగ నిరోధమును లెక్క సులభమగుటకై మేము ఎన్నుకొన్న సంఖ్యలు, మన రైలును కొలిచి చెప్పినవి కావు.) 25,000 వోల్టులైనచో 80 ఆంపియర్ల ప్రవాహము చాలును. 750 వోల్టులైనచో 2,667 ఆంపియర్లు కావలెను. కోల్‌కతాలో 1984లో ప్రారంభమైన మెట్రో రైలు 750 వోల్టుల ఏకముఖ విద్యుత్తును పట్టాల ప్రక్కనుండు మూడవ పట్టానుండి గ్రహించును. 1925 ఫిబ్రవరి 3వ తేదీన బొంబాయి విక్టోరియా టెర్మినస్‌నుండి కుర్లాకు నడిచిన మన దేశపు మొదటి విద్యుత్ రైలునకు 1,500 వోల్టుల ఏకముఖ విద్యుత్తు వాడిరి. ప్రవాహము హెచ్చినకొలది తీగలో వ్యర్థమగు వేడి దాని వర్గమును బట్టి హెచ్చును. అందుచేత తక్కువ వోల్టేజి గల రైలుమార్గములకు సబ్‌స్టేషనులు దగ్గఱ దగ్గఱగా నుండవలెను. మనవంటి మార్గమునకు దూరదూరముగా నున్నను చాలును.

ఇచ్చట నాగోలువారు గమనింపదగిన చిత్రమొకటి కలదు. పట్టాలకు నాగోలు కొన; అయినను వోల్టేజికి అది కొన కాదు. ఉప్పల్ సబ్‌స్టేషను చేరువనే యుండుటచేత మన కొనకు విద్యుత్తు దగ్గఱినుండియే వచ్చుచున్నది. రైలుమార్గపు పటము వేఱు. విద్యుత్తు పటము వేఱు. నమూనా కట్టువాడు రెండవ పటమును చూడనేర్చుకొనవలెను.

బల్లమీది రైలుమార్గము

ప్రవాహమునకును వోల్టేజికిని నిరోధమునకును గల సంబంధమును 1827లో ప్రకటించిన ఓము కొలోను పట్టణపు పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండి ఆ ప్రయోగములు చేసినవాడు. పలు తీగలు కలిసిన వలయమున ప్రవాహమెట్లు పంచుకొనబడునో చెప్పు సూత్రములను కిర్కాఫ్ 1845లో, తాను ఇంకను విద్యార్థిగా నున్నప్పుడే, కనుగొనెను. కంప్యూటర్లు లేని కాలమున ఇంజనీర్లు చిన్న చిన్న నిరోధములను బల్లపై కలిపి, గొప్ప విద్యుద్వలయములకు బొమ్మలు కట్టి, వానిపై కొలతలు తీసెడివారు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1929లో నట్టి గొప్ప యంత్రమొకటి నెలకొల్పబడెను. కావున మన విద్యార్థులు బల్లమీద కట్టినది ఆటవస్తువు కాదు, ఆ వంశములోనిదే.

మేము పెట్టించిన ప్రయోగ మిది. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపిన 6 వోల్టులు; అది సబ్‌స్టేషను. ఒక మీటరు పొడవు నిక్రోము తీగ, దాని నిరోధము 5 ఓములు. అది పట్టాలపైని తీగ. లావైన రాగితీగ తిరుగు త్రోవ. 15 ఓముల నిరోధపు చుట్ట ఒకటి రైలు. చుట్టకొనను తీగపై జరుపుకొనుచు పోయిన రైలు కదలినట్లే. రైలువద్ద వోల్టేజి ఎంత యుండునో ముందుగా లెక్కవేసి, పిమ్మట వోల్టుమీటరుతో కొలిచి, రెండును ప్రక్కప్రక్కన వ్రాయవలెను.

తీగ చివఱ రైలు నిలిచినప్పుడు మొత్తము నిరోధము 20 ఓములు. 6ను 20చే భాగించిన 0.3 ఆంపియరు. తీగలో 1.5 వోల్టు పోగా రైలునకు 4.5 వోల్టులు మిగులవలెను. ఇది లెక్క.

పుస్తకములు దిద్దుచుండగా మూడు జట్టులలో రెండింటి కొలత సరిగా 4.5 అని కనబడెను. మూడవ జట్టు 4.3 అని వ్రాసి, ప్రక్కన ప్రశ్నార్థకమును ఉంచినది. మాకు మొదట తోచినది మూడవ జట్టు పొరబడెనని. అయితే మొదటి జట్టు పుస్తకమున 5 అంకె క్రింద చెఱిపివేసిన 3 జాడ యగుపడినది. పిలిచి యడుగగా ఆ బాలుడు దాపరికము లేక చెప్పెను: “లెక్కకు 4.5 వచ్చినది సార్. మా మీటరే తప్పు చూపుచున్నదనుకొని దిద్దితిమి.” రెండవ జట్టువారును అట్లే చేసిరి.

తప్పు వారిదే యనుటకు మాకు నోరు రాలేదు. ముందురోజున నల్లబల్లపై 4.5 అను జవాబు వ్రాసి, దాని క్రింద గీత గీచినవారము మేమే. ఉపాధ్యాయుడు గీత గీచిన జవాబునకు విరుద్ధమైన కొలతను వ్రాయుటకు బాలురకు ధైర్యమెట్లు కలుగును? కొలువకమునుపే జవాబు ఇదియని చెప్పి, పిమ్మట కొలువుమనుట మా లోపము.

మఱునాడు ప్రయోగమును మరల చేయించితిమి. ఈసారి మూడు జట్టులకును 4.3 వచ్చినది. రెండు చుట్టలను చివఱ నుంచిన లెక్కకు 3.6 రావలెను; కొలతకు 3.3 వచ్చినది. రైళ్లు హెచ్చినకొలది భేదము హెచ్చుచున్నది. మీటరు తప్పైనచో ఇట్లు భారమును బట్టి హెచ్చనేల? అప్పుడొక బాలిక వోల్టుమీటరును బ్యాటరీల రెండు కొనలకే తగిలించి చూచెను. రైలు లేనప్పుడు 6.0, ఒక రైలున్నప్పుడు 5.7, రెండున్నప్పుడు 5.6 కంటె కొంచెము తక్కువ. బ్యాటరీయే తనలో కొంత వోల్టేజిని మ్రింగుచున్నది! దానికిని అంతర్నిరోధ మొకటి కలదు. మేము నమూనా కట్టునప్పుడు దానిని మఱచితిమి. 1 ఓము చేర్చి లెక్కించగా మొదటిది 4.29, రెండవది 3.33 వచ్చినవి. లెక్కయు కొలతయు కలిసినవి.

చెఱిపివేసిన 3 అంకెలోనే యా రోజు పాఠమంతయు దాగియుండెను. దానిని దిద్దినవారు ఒక తప్పును దిద్దితిమనుకొనిరి గాని, సత్యము చూపిన కిటికీని మూసివేసిరి.

రెండు రైళ్ల యెడము

0.2 వోల్టు భేదమునకింత మాట యెందుకని మీరడుగవచ్చును. బల్లమీదినుండి వంతెనమీదికి పోయి చూతము.

ఒక మార్గమున 20 కిలోమీటర్ల యెడముతో రెండు సబ్‌స్టేషనులు కలవనుకొందము. సామాన్యముగా ఒక్కొక్కటి తనవైపు 10 కిలోమీటర్లను పోషించును. పోయి వచ్చు త్రోవలు రెండును కలిసి కిలోమీటరునకు పావు ఓము నిరోధమనుకొందము. తీగ చివఱ నాలుగు రైళ్లు ఒక్కసారిగా వేగము పుంజుకొనిన 320 ఆంపియర్లు. నిరోధము రెండున్నర ఓములు. సుమారు 800 వోల్టులు మాత్రమే తగ్గును. భయము లేదు.

ఇప్పుడొక సబ్‌స్టేషను చెడిపోయినదనుకొందము. రెండవది రెండు భాగములను మోయవలెను. దూరము 20 కిలోమీటర్లు, నిరోధము 5 ఓములు. రైళ్లు ఎనిమిది, ప్రవాహము 640 ఆంపియర్లు. దూరము రెండింతలు, భారము రెండింతలు. తగ్గుదల మాత్రము నాలుగింతలు, 3,200 వోల్టులు. మంచి దినమున నిశ్చింతగా నుండు యేర్పాటు చెడుదినమున ఎంత త్వరగా క్రుంగునో చూడుడు. అందుచేతనే అన్నియు పనిచేయుచున్న దినమును మాత్రమే లెక్కించిన నమూనా చాలదు. ఒక కాలు విఱిగిన దినమును లెక్కింపవలెను.

లెక్క ఇంకను ముగియలేదు. రైలువద్ద 21,800 వోల్టులే యున్నప్పుడు అదే శక్తికి 640 ఆంపియర్లు చాలవు, 734 కావలెను. 734 ఆంపియర్లు పోయిన తగ్గుదల 3,670, మిగులునది 21,330. దానికి 750 ఆంపియర్లు కావలెను. అప్పుడు మిగులునది 21,249. మరల లెక్కించిన 21,235. ఇట్లు తిరిగి తిరిగి చేయగా సంఖ్య 21,232 వద్ద నిలుచును. ప్రవాహము తెలియవలెనన్న వోల్టేజి తెలియవలెను. వోల్టేజి తెలియవలెనన్న ప్రవాహము తెలియవలెను. ఒకదాని చేయి పట్టుకొని యొకటి నడుచు ఈ రెండింటిని నిలుకడకు తెచ్చుటయే రైలు విద్యుత్తు లెక్కలోని ముఖ్యమైన పని. కంప్యూటరు చేయునదియు ఇదే. మనకంటె వేగముగా చేయును, అంతే.

రైళ్లు మఱింత హెచ్చి పదహారైనచో ఏమగును? మొదటి లెక్కకు 18,600 వోల్టులు, రెండవదానికి 16,400, మూడవదానికి 15,240; సంఖ్య దిగిపోవుచునే యుండును, ఎచ్చటను నిలువదు. ఆ తీగ అంత శక్తిని ఏ వోల్టేజివద్దను ఈయజాలదని దాని యర్థము. నిలువని లెక్క యంత్రపు తప్పు కాదు. అది మనకు హెచ్చరిక.

అంత దూరము పోనక్కఱలేదు. 25,000 వోల్టుల రైలుమార్గములకు అంతర్జాతీయ ప్రమాణ మొకటి కలదు. దాని ప్రకారము వోల్టేజి ఎడతెగక 19,000కు తగ్గరాదు. కొద్దిసేపైనను 17,500కు దిగరాదు. 19,000 వద్ద మన తీగ ఎన్ని రైళ్లను మోయునో చూతము. తగ్గుదల 6,000 వోల్టులు. 5 ఓములచే భాగించిన 1,200 ఆంపియర్లు. 19,000చే గుణించిన 2 కోట్ల 28 లక్షల వాట్లు. రైలునకు 20 లక్షల చొప్పున పదునొకండు రైళ్లు.

ఇప్పుడు ఆ చెఱిపివేసిన 3 అంకెను తలచుకొనుడు. సబ్‌స్టేషనులోని ట్రాన్స్‌ఫార్మరునకును మన బ్యాటరీవలెనే అంతర్గతమైన యడ్డు కలదు. దానిని 1 ఓమనుకొందము. మొత్తము 6 ఓములు. 6,000 వోల్టులను 6చే భాగించిన 1,000 ఆంపియర్లు. అనగా 1 కోటి 90 లక్షల వాట్లు. తొమ్మిది రైళ్లు మాత్రమే!

లెక్క పదునొకటి యనుచున్నది. తీగ తొమ్మిదింటినే మోయగలదు. ఆ నడిమి రెండు రైళ్లు మన బల్లమీద 0.2 వోల్టుగా కనబడినవి. మన మెట్రోలో మూడు పెట్టెల రైలొకటి నిండినచో సుమారు వేయిమంది యుందురు. కొలతను లెక్కకు సరిపెట్టి దిద్దిన చేయి, ఆ రెండు రైళ్లలోని వారిని లెక్కలోనుండి చెఱిపివేసినట్లే. నిజమైన మార్గములకు హెచ్చు జాగ్రత్తలు కలవు. వోల్టేజి తగ్గినచో రైలు తనంతట తాను శక్తి వాడకమును తగ్గించుకొని మెల్లగా నడుచును; మఱింత తగ్గిన రక్షణ యంత్రములు సరఫరాను విడదీయును. కాని రక్షణ యున్నదని అబద్ధపు లెక్క వేయువానిని ఏ మార్గమును నమ్మి నిలువజాలదు.

క్షణక్షణపు అనుకరణము

పైన మేము ఒక్క క్షణమును మాత్రమే లెక్కించితిమి. రైళ్లు కదలుచుండును. నిజమైన అనుకరణమున ఒక్కొక్క సెకనునకును ఈ పనులు జరుగును. మొదట, కాలపట్టికను బట్టియు వేగమును బట్టియు ప్రతి రైలు ఎచ్చట నున్నదో కనుగొందురు. రెండవది, అది వేగము పుంజుకొనుచున్నదా, ఊరక దొర్లుచున్నదా, బ్రేకు వేయుచున్నదా, ఎత్తు ఎక్కుచున్నదా అని చూచి, దానికి కావలసిన శక్తిని నిర్ణయింతురు. మూడవది, వలయమంతటిని ఓము, కిర్కాఫుల సూత్రములతో పైన చెప్పినట్లు నిలుకడకు తెత్తురు. నాల్గవది, ఎచ్చటనైనను వోల్టేజి తగ్గినచో ఆ రైలు వేగమును తదనుగుణముగా తగ్గించి, తరువాతి సెకనునకు పోదురు. ఇట్లు ఉదయమునుండి రాత్రివఱకు లెక్కింతురు. అన్నియు సరిగా నున్నట్లు ఒకసారి, ఒక్కొక్క సబ్‌స్టేషనును చెడగొట్టి మరల మరల.

బ్రేకు వేసినప్పుడు రైలు విద్యుత్తును తిరిగి యిచ్చును. మోటారే ఆ సమయమున జనకయంత్రమగును. 150 టన్నుల రైలు గంటకు 72 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనునకు 20 మీటర్ల వేగముతో, పోవునప్పుడు దాని గతిజశక్తి 3 కోట్ల జౌళ్లు. యూనిట్లలో ఎనిమిదియు మూడవవంతును. అందులో కొంత వేడిగా పోగా మిగిలినది తీగలోనికి వచ్చును. హబ్సిగూడలో ఆగుచున్న రైలు, తార్నాకలో బయలుదేరుచున్న రైలునకు చేయూత నీయగలదు. ఎంత చేయూత యనునది ఆ రెండును ఒకే క్షణమున జరుగుటను బట్టి యుండును. అందుచేత కాలపట్టిక వ్రాయువాడు తెలియకయే కరెంటు బిల్లును గూడ వ్రాయుచున్నాడు. ఇది సగటు లెక్కలకు చిక్కదు. క్షణక్షణపు అనుకరణమునకే చిక్కును.

మా లెక్కలో విడిచినవి

నమూనా కట్టినవాడు తాను విడిచినవానిని చెప్పవలెను. కావున మేమును చెప్పుచున్నాము. తీగలోనిది ఏకాంతర విద్యుత్తు. దానికి నిరోధమే గాక, అయస్కాంత క్షేత్రమువలన కలుగు మఱియొక యడ్డును కలదు. ఆ రెండింటిని సామాన్యమైన కూడికతో కలుపరాదు. కోణములను గూడ చూడవలెను. ఈ లెక్కను మీరు పై తరగతులలో నేర్తురు. రైళ్లన్నియు తీగ చివఱనే గుమిగూడియున్నట్లు కల్పించితిమి. నిజముగా అవి చెదరియుండును గనుక తగ్గుదల తక్కువగా నుండును. రాకపోకల రెండు మార్గముల తీగలును భారమును పంచుకొనుటను విడిచితిమి. సబ్‌స్టేషనునకు వచ్చునది మూడు ఫేజుల విద్యుత్తు కాగా రైలు రెండు ఫేజుల నడుమనుండి మాత్రమే పుచ్చుకొనును. అందువలన నగరపు సరఫరాలో సమతూకము చెడకుండునట్లు చూచుటయు నిజమైన నమూనాలో చేరును. ఒక సబ్‌స్టేషను పాలికిని మఱియొకదాని పాలికిని నడుమ విద్యుత్తు లేని చిన్న ఖాళీతీగ యుండును. రైలు దానిని తన వేగముతోనే దాటును. దీనిని గూడ విడిచితిమి.

ఇన్ని విడిచిన లెక్క దేనికి పనికివచ్చునని యడుగవలదు. పటము ఊరు కాదు. అయినను పటముతో ఊరు చేరుదుము. అయితే ఏ వీధులను గీయలేదో పటము గీచినవాడు చెప్పియుండవలెను. మార్గము తెఱచిన పిమ్మట సబ్‌స్టేషనులలోను రైళ్లలోను కొలతలు తీసి, లెక్కతో పోల్చి, భేదము కనబడినచో కారణము వెదకి నమూనాను దిద్దుదురు. దిద్దవలసినది నమూనాను, కొలతను కాదు.

అభ్యాసము

1. పై మార్గమున 10 కిలోమీటర్ల చివఱ నాలుగు రైళ్లున్నప్పుడు వోల్టేజి నిలుకడగా ఎంత యుండును? (సుమారు 24,173.)

2. అందే సబ్‌స్టేషను అంతర్గతపు యడ్డు 1 ఓము చేర్చిన ఎంత? (సుమారు 23,825.)

3. బల్లమీది ప్రయోగమున చివఱ మూడు చుట్టలుంచిన లెక్క ఎంత, కొలత ఎంత రావలెను? (3.0, సుమారు 2.7.)

ఇంటివద్ద ఈ ప్రయోగమును చిన్న బ్యాటరీలతో మాత్రమే చేయవలెను. రైలు తీగలోని 25,000 వోల్టులు ముట్టుకొననక్కఱలేకయే, చేరువకు పోయినంతనే ప్రాణము తీయగలవు. సంక్రాంతికి మార్గము ప్రక్కన గాలిపటము లెగురవేయవలదని తమ్ములకును చెల్లెండ్రకును చెప్పుడు. లోహపు పూత గల దారము తీగకు తగిలినచో అది దారము కాదు, విద్యుత్తునకు త్రోవ.

2024లో రాష్ట్రప్రభుత్వము నాగోలునుండి ఎల్.బి.నగర్ మీదుగా శంషాబాదు విమానాశ్రయమునకు 36.8 కిలోమీటర్ల మార్గమును ప్రతిపాదించినది. అట్టి మార్గమేది కట్టవలసివచ్చినను, కొత్త రైళ్లు ఎన్ని, కొత్త సబ్‌స్టేషనులు ఎచ్చట, ఒకటి చెడిన రెండవది మోయునా అని ఎవరో కూర్చుండి లెక్క చూడవలెను. ఆ పనిచేయువారిలో ఈ బడి విద్యార్థి యొకడుండవచ్చును. అతడు మా పాఠములలో చాల భాగమును మఱచినను మఱచుగాక. లెక్కకు విరుద్ధమైన కొలత కనబడిననాడు మాత్రము రబ్బరు కొఱకు చేయి చాపక, ప్రక్కన ప్రశ్నార్థకమును ఉంచిన మూడవ జట్టును జ్ఞాపకము చేసికొనునట్లు దేవుడు వానికి ధైర్యము ననుగ్రహించునుగాక.

ఆ జట్టు పుస్తకమును ప్రయోగశాల బీరువాలో భద్రపఱచితిమి. రాబోవు తరగతివారికి నల్లబల్లపై జవాబు వ్రాయము; ఆ పుస్తకమును చూపుదుము.